ఏ ఊరి టాకో

"తప్పుకోమ్మా, షూటింగ్ జరుగుతోంది."

ఎల్పీదియా తప్పుకోలేదు. లా మెర్సెద్ మార్కెట్‌లో ఆ ఇరుకు సందుకి అడ్డంగా నిలబడింది. ఎదురుగా కెమెరా, వెనక తన టాకోల కొట్టు. చేతిలో పళ్ళెం, అందులో మొక్కజొన్న రొట్టెలో కూర పెట్టి మడిచిన టాకో ఒకే ఒక్కటి. పొగలు కక్కుతోంది.

'ఊరికో టాకో' టీవీ కార్యక్రమానికి అది ఆఖరి రోజు. మూడేళ్ళుగా లియోబార్దో అనే రుచుల నిపుణుణ్ణి వెంటబెట్టుకుని మెక్సికో అంతా తిరిగి ఏ ప్రాంతంలో టాకో ఎలా చేస్తారో చూపించారు. ఇవాళ ఈ మార్కెట్లో బుట్ట టాకోలు అమ్మే త్లాస్కాలా ప్రాంతం ముసలాయన్ని షూట్ చేసి, సామాను సర్దేస్తారు.

ఎల్పీదియా వాళ్ళకి పదకొండు ఉత్తరాలు రాసింది. ఒక్కదానికే జవాబు వచ్చింది. 'మీ టాకో ఏ ఊరిదో రాయలేదు. ఊరి పేరు లేనిదే మేం తీసుకోం.'

"ఒక్క ముక్క," అంది. "లియోబార్దోగారిని ఒక్క ముక్క తినమనండి. ఇంకేం అడగను."

డైరెక్టరమ్మ హిమేనా వాచీ చూసుకుంది. "మీరు జాబితాలో లేరమ్మా. రెండింటికల్లా మేం ఖాళీ చేయాలి."

పక్క కొట్లో మిరపకాయలు అమ్మే తోమాసా నవ్వింది. "దీనికి టీవీ పిచ్చి పట్టింది తల్లీ. వచ్చిన ప్రతివాణ్ణీ 'మీ ఊళ్ళో ఇలాగే చేస్తారా' అని ప్రాణం తీస్తుంది. మా ఊళ్ళో ఇది వేస్తారంటే ఇది వేస్తుంది, అది వేస్తారంటే అదీ వేస్తుంది."

ఆ మాట నిజమే. అందుకే తెల్లవారుజాము నుంచి ఎల్పీదియా పెనం ముందు తలపట్టుకుని కూర్చుంది. ఏది మొదటినుంచీ ఉన్నదో, ఏది మధ్యలో వచ్చి చేరిందో తేల్చుకోలేకపోయింది. చివరికి అన్నీ వేసింది.

లియోబార్దో నెరిసిన మీసం తుడుచుకుంటూ అటు వచ్చాడు. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుంటే చాలు, ఊరి పేరు చెప్పేస్తాడు. ఏటికి ఈ ఒడ్డు ఊరిదా, ఆ ఒడ్డుదా అన్నది కూడా. రేపట్నుంచి ఆయనకి పథ్యం. టాకో ముట్టుకోవద్దన్నాడు డాక్టరు.

ఎల్పీదియా పళ్ళెం వదలకుండానే మోకాళ్ళ మీద కూలబడింది.

"అయ్యో, లేమ్మా," అన్నాడాయన. "ఇలా ఇవ్వు. ఇంతకీ ఏ ఊరు మీది?"

"తిని మీరే చెప్పండి."

చుట్టూ చేరినవాళ్ళు ఈలలు వేశారు.

"పొగరు చూడండి," అంది తోమాసా. "అంత పెద్దమనిషికే పరీక్ష పెడుతోంది."

ఒక ముక్క కొరికిన లియోబార్దో నమలడం ఆపి కొట్టు గోడ వైపు చూశాడు. అక్కడ నూనె జిడ్డు పట్టిన దేశపటం ఒకటి వేలాడుతోంది. దాని నిండా పెన్సిలుతో ఇంటూ గుర్తులు.

"ఇవన్నీ ఏంటి?"

"ఆ ఊళ్ళవాళ్ళు వచ్చి తిన్నారు."

"ఇన్ని ఊళ్ళే! మరి నాతో పనేముంది నీకు?"

ఎల్పీదియా ఆయన దవడనే చూస్తోంది.

"అవకాడో ఆకు," అన్నాడాయన కళ్ళు మూసుకుని. "ఓహాకా కొండల్లో వేస్తారు."

ఆమె ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"కానీ ఎండు రొయ్యలు పడ్డాయి. కొండల్లో వేయరు."

"అయితే సముద్రం పక్కనా?"

"గుమ్మడి గింజలు వేయించిన తీరు యుకటాన్‌ది. మిరపకాయేమో పుయెబ్లాది."

"మడత చూడండి," అందామె. " రొట్టె అంచులు రెండూ లోపలికి తోసి, పైన బొటనవేలితో నొక్కుతారు. ఇలా నొక్కేది ఎక్కడ?"

ఆయన రెండో ముక్క కొరికాడు. మూడోది కూడా. తర్వాత పళ్ళెం కింద పెట్టి కెమెరా వైపు తిరిగాడు.

"మూడేళ్ళలో మొదటిసారి ఓడిపోయాను. ఇలాంటి మడత నేనెక్కడా చూడలేదు, ఇలాంటి రుచి ఎక్కడా తినలేదు. ఈ టాకో ఏ ఊరిదీ కాదు. అచ్చంగా ఈమెదే."

సందంతా చప్పట్లు మారుమోగాయి. హిమేనా కూడా కొట్టింది. "మన ఆఖరి భాగం ఇదే. నియమం సంగతి నేను చూసుకుంటాను," అంది కెమెరా వాళ్ళతో.

ఎల్పీదియా ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. "ఇంకొక్కటి తినండి. రొయ్యలు తీసేసి చేస్తాను. గింజలు మానేసి చేస్తాను. కాస్త ఆగండి, ఏదో ఒక ఊరు చెప్పండి."

"ఇంకెందుకమ్మా ఊరు? దేశమంతా నిన్ను చూస్తుంది."

"చూడకపోయినా ఫరవాలేదు. ఊరు చెప్పండి."

"ఎక్కువ సంతోషం తట్టుకోలేదండీ ఇది," అంది తోమాసా, ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడిపిస్తూ. "నవ్వవే, కెమెరా నీ మీదే ఉంది."

ఎల్పీదియా నవ్వలేదు. పళ్ళెంలో మిగిలిన ముక్కనే చూస్తోంది, దాని మడత విడిపోతోంది.

హిమేనా ఒక కాగితం, పెన్ను అందించింది. "ఇక్కడ మీ వివరాలు రాసి సంతకం పెట్టండి, చాలు."

మొదటి గీత మీద ఎల్పీదియా తన పేరు రాసింది. రెండో గీత దగ్గర 'పుట్టిన ఊరు' అని ఉంది.

నలభై ఏడేళ్ళ కిందట ఇదే మార్కెట్లో ఉల్లిపాయ బస్తాల మధ్య ఏడుస్తూ దొరికిన నాలుగేళ్ళ పిల్లకి, తన ఊరి ఆనవాలుగా మిగిలింది అమ్మ మడిచిపెట్టిన ఆ టాకో ఒక్కటే.