రెండో బ్రేకు

“ఆ బ్రేకు తీసేస్తే నేనీ కారెక్కను. నడిచైనా ఆస్పత్రికి వెళ్తాను,” అని తేల్చి చెప్పింది డాక్టరమ్మ.

ఇన్‌స్పెక్టర్ వంగి మళ్లీ చూశాడు. డ్రైవరు పక్క సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట, ఒక పెడల్. రబ్బరు తొడుగు అరిగి నున్నబడింది. సామానుతో పాటు ఓడలో వచ్చిన కారు అది. తనిఖీ దాటితేనే ఈ దేశపు నంబరు ప్లేటు. లేదంటే వచ్చిన దారినే వెనక్కి.

“డ్రైవింగ్ స్కూలు కార్లకు తప్ప రెండో బ్రేకు ఒప్పుకోరమ్మా. ఇద్దరూ చెరోటి తొక్కితే బండి ఎవరి మాట వినాలి?”

“నా మాట. ఆయన మాట విన్న రోజే వెళ్లి పాల వ్యానును గుద్దింది. ఆ తర్వాతే ఇది పెట్టించారు.”

పక్కనే ఉన్న భర్త, రిటైరైన లెక్కల మాస్టారు, చొక్కా గుండీ సర్దుకున్నాడు. “ఆ పాత కథలు ఇప్పుడెందుకే?”

“ఎన్నిసార్లు గండం గట్టెక్కించానో ఈ బాబుకి తెలియొద్దూ? నా పళ్ల డ్రిల్లు కూడా కాలితో తొక్కేదే బాబూ. ఎంత నొక్కితే ఎంత పలుకుతుందో నా పాదానికి తెలుసు.”

ఇక్కడి ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది ఆవిడకే. కారు వచ్చిందీ ఆవిడ పేరు మీదే.

ఆవిడ వెళ్లి వరండాలో కుర్చీలో కూర్చుంది. ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తి చూశాడు. తర్వాత సీటు ముందు తల దూర్చి, పెడల్ వెనక్కి టార్చి వేశాడు. ఒక స్ప్రింగు ఉంది. అంతే. తీగ లేదు, గొట్టం లేదు.

తల బయటికి తీసేసరికి మాస్టారు ఎదురుగా గొంతుకూర్చుని ఉన్నాడు, పెదవుల మీద వేలుంచుకుని.

“దణ్ణం పెడతాను సార్. ఆవిడకి చెప్పకండి.”

“ఇది దేనికీ కలిపి లేదు కదండీ.”

“కలిపితే ఇంకేమైనా ఉందా? అడుగడుక్కీ తొక్కుతుంది. వ్యానును గుద్దిన రోజు నుంచి నా బండి ఎక్కనని భీష్మించుకుంది. మెకానిక్‌ని బతిమాలి ఉత్త పెడల్ పెట్టించాను. ఆవిడ కాలు టక్కుమంటే చాలు, నేను నా బ్రేకు తొక్కేస్తాను. ఇన్నేళ్లలో ఒక్కసారి అనుమానం రాలేదు. పళ్లు తప్ప ఇంకేం తెలుసు సార్, అమాయకురాలు.”

ఇన్‌స్పెక్టర్‌కు నవ్వాగలేదు. “పనిచెయ్యని పెడల్ అయితే నాకేం అభ్యంతరం లేదు. అలంకారం కింద వదిలేస్తాను. కానీ కారు ఆవిడది. తనిఖీలో తేలింది యజమానికి చెప్పి తీరాలి. అది రూలు.”

“చెబితే ఇక ఆ పక్క సీటు ఖాళీయే సార్. తెలియని దేశంలో నేనొక్కణ్ణే తిరగాలి.”

“ముందు ఒక చుట్టు తిరిగొద్దాం పదండి.”

ఇన్‌స్పెక్టర్ వెనక సీట్లో కూర్చున్నాడు. డాక్టరమ్మ వరండాలోంచి వచ్చి ముందు పక్క సీట్లో కూర్చుంది. మాస్టారికి రోడ్డు మీద ధ్యాస లేదు. అద్దంలో ఇన్‌స్పెక్టర్ ముఖమే చూస్తున్నాడు. మలుపు దగ్గర పక్క సీటు నుంచి టక్కుమంది. మాస్టారి కాలు దానంతటదే పడింది. కారు ఆగింది. ఆగి ఉన్న లారీ చాటు నుంచి ఒక సైకిలు, బంపరుకు జానెడు దూరంలో, నింపాదిగా దాటిపోయింది.

“చూశారా బాబూ, నా బ్రేకు?” అంది డాక్టరమ్మ.

“అది లేకపోతే ఏమైపోయేవాళ్లమో,” అన్నాడు మాస్టారు చెమట తుడుచుకుంటూ.

తిరిగొచ్చాక ఇన్‌స్పెక్టర్ ఆవిడను లోపల తన బల్ల దగ్గరికి పిలిచాడు. కిటికీ అవతల మాస్టారు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, తుడిచిన అద్దాన్నే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు.

“కారు పాసైందమ్మా.” ఇన్‌స్పెక్టర్ కాగితం మీద ముద్ర వేశాడు. “కానీ ఒక మాట చెప్పక తప్పదు. మాస్టారి మీద కోపం తెచ్చుకోకండి. ఆ పెడల్ దేనికీ కలిపి లేదు.”

డాక్టరమ్మ గబుక్కున లేచి కిటికీ మూసింది.

“మెల్లగా బాబూ, ఆయన వింటారు.”