మొదటి ముద్ద

కుండలో పుట్టగొడుగుల కూర ఇంకా ఉడుకుతూనే ఉంది, గుమ్మంలో ఆ ముసలాయన ప్రత్యక్షమయ్యాడు.

ఆయన ఎవరో, ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో ఎవరికీ తెలియదు. వానలు మొదలయ్యాక బట్టీ కూలీలుండే ఈ వరస గదుల దగ్గరికి చేరాడు. ఎవరింట్లో అడవి పుట్టగొడుగులు వండినా వాసన పట్టి వాలిపోయేవాడు. మొదటి ముద్ద తనకే పెట్టమనేవాడు. మర్నాడు మళ్ళీ గిన్నె పట్టుకుని తయారు. అందుకే అందరూ ఆయనకి 'మొదటి ముద్ద' అని పేరు పెట్టేశారు.

కూర వండుతున్న ఆమెకి ఆ పూట నవ్వే ఓపిక లేదు. వానకి ఇటుకల బట్టీ మూతపడింది. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. పిల్లలిద్దరూ నిన్నటి నుంచి మంచినీళ్ళతో సరిపెట్టుకున్నారు. తెల్లారగానే అడవిలో పడి, తడి ఆకుల కింద తెల్లగా కనిపించినవన్నీ ఒళ్ళో వేసుకొచ్చింది. చెడ్డవైతే నల్లబడుతుందని అత్త చెప్పినట్టే కూరలో ఉల్లిపాయ ముక్క వేసి చూసింది. నల్లబడలేదు. ఇక భయం లేదనుకుంది.

"మొదటి ముద్ద నాకు పెట్టు తల్లీ."

"పసివాళ్ళ కంటే ముందు తింటావా? సిగ్గులేదూ? నా పిల్లలు తినందే నేను మెతుకు ముట్టను."

ఆ మాటకి ఆయన మొహం పాలిపోయింది. అయినా కదల్లేదు. పీడ వదిలితే చాలని ఒక గరిటెడు పెట్టింది. నిలబడే మింగేశాడు.

"మిగతాది అలాగే ఉంచు. రేపు నేనొచ్చి గిన్నె చాపితే, అప్పుడు పిల్లలకి పెట్టు."

రేపటి వాటా కూడా ఇప్పుడే ఖాయం చేసుకుంటున్నాడనుకుంది. ఒళ్ళు మండింది. రేపటిదాకా వీళ్ళ ప్రాణాలు నిలవొద్దా అంటూ పళ్ళాలు తీసింది.

ముసలాయన కుండ లాక్కున్నాడు. ఆమె వదల్లేదు. పెనుగులాటలో కుండ జారి గుమ్మం బయట బురదలో పడి పగిలింది.

పిల్లలు ఘొల్లుమన్నారు. ఆమె నెత్తీ నోరూ కొట్టుకుంది. నోటికాడి కూడు తీశావు, నీ కడుపు మాడ అని శాపనార్థాలు పెట్టింది. ఇరుగుపొరుగు ఆయన్ని మెడపట్టి తరిమేశారు. పిల్లలు ఏడ్చి ఏడ్చి ఆకలితోనే పడుకున్నారు.

మర్నాడు గిన్నె చాపడానికి ఆయన రాలేదు.

బట్టీ షెడ్డులో వాంతులతో మెలికలు తిరుగుతుంటే ఎవరో చూసి ఆసుపత్రిలో చేర్చారట. సంగతి తెలిసి ఆమె పరుగు పరుగున వెళ్ళేసరికి అప్పటికే ఆయన మంచం ఖాళీ అయింది. ఆసుపత్రి నుంచి కబురు అందుకుని వచ్చిన ఆయన చెల్లెలు గోడకి ఆనుకుని కూర్చుంది.

ఆమె ఆ చెల్లెలి కాళ్ళ దగ్గర కూలబడింది. ఎందుకు ఆగమన్నాడో ఒక్క మాట చెప్పి ఉంటే ఆగేదాన్ని కదా అని బావురుమంది.

"ఆ మాట మా అన్నయ్య నోటికి రాదమ్మా" అంది చెల్లెలు. "తను ఏరుకొచ్చిన పుట్టగొడుగులే ఒకసారి ఇంట్లో వండారు. పిల్లలు తిన్నాక తిందామని ఆగాడు. తనొక్కడే మిగిలాడు."