నీలం కిటికీ ఇల్లు

"వచ్చేస్తున్నాడు వదినా! కారు మన వీధిలోకి తిరిగింది!" ఆడపడుచు గుమ్మంలోంచి కేకేసింది.

కుట్టుమిషను ముందు కూర్చున్న దర్జీ వదిన తొక్కడం ఆపేసింది. ఊరంతా ఆమెను అలాగే పిలుస్తారు. "నా కొంప మునిగింది" అనుకుంది. నిజానికి మునిగేది కొంపే మరి.

రోడ్డు వెడల్పు చేస్తామని మున్సిపాలిటీవాళ్ళు, కూల్చడానికి గుర్తుగా వీధిలో ఇళ్ళన్నిటికీ ఎర్రగీతలు గీసుకుంటూ వచ్చిన రోజున ఆమె మొగుడు, పోయినవాణ్ణి ఆడిపోసుకోకూడదు గానీ, నోటికొచ్చిన కోత ఒకటి కోశాడు. "జాగ్రత్త సార్, మహా రచయిత పుట్టిన ఇల్లిది! మూలమీది ఇల్లు, నీలం కిటికీ అని నవల్లో రాయలేదూ?" ఇల్లు మూలమీదే ఉంది. కిటికీకి మాత్రం మర్నాడు పొద్దున్నే నీలం రంగేశాడు.

ఆ రచయిత రాసిన ప్రతి నవలా ఈ ఊరి మీదే. చిన్నతనంలోనే ఊరు వదిలాడట. ఊళ్ళో అరవై దాటిన మగాళ్ళంతా ఆయనతో ఒకే బెంచీ మీద కూర్చుని చదివినవాళ్ళే. ఆ బెంచీ ఎంత పొడుగో దేవుడికే తెలియాలి. అయినా ఆయన ఇల్లేదో ఒక్కడూ చెప్పలేకపోయాడు. దాంతో కోత కాస్తా రాతిఫలకమై గోడకెక్కింది. ఎర్రగీత చెరిగిపోయింది. ఇవాళ మున్సిపల్ ఛైర్మను ఆ రచయితనే ఇల్లు చూడ్డానికి తీసుకొస్తున్నాడు.

"ఇప్పుడాయనొచ్చి, ఇదెవరిల్లయ్యా అంటే?" వదిన మిషను ముందునుంచి లేచింది.

"అంటే రేపే బుల్డోజరు. నువ్వూ నీ మిషనూ రోడ్డున పడతారు. ముందు ఆ మొహం తుడుచుకో, దొంగలా ఉన్నావు!"

రచయిత కారు దిగాడు. పొట్టి మనిషి, దళసరి కళ్ళద్దాలు. పక్కన ఛైర్మను, వెనక జనం, అందరికంటే ముందు మున్సిపల్ ఇంజనీరు. తన ప్లానులో రోడ్డు ఈ ఒక్క ఇంటి దగ్గరే వంకర తిరగడం ఆయనకు కంట్లో నలుసు.

గుమ్మంలోనే రచయిత ఆగిపోయాడు. గోడ పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. చొక్కా చెమటకు వీపుకంటుకుపోయింది.

"పాపం, పుట్టిన ఇల్లు చూసి కదిలిపోయాడు" అని ఎవరో కళ్ళొత్తుకున్నారు. వదినకు మాత్రం పైప్రాణాలు పైనే పోయాయి. తన ఇల్లు కాదని కనిపెట్టేశాడు!

"సార్, చిన్నప్పుడు మీరు ఏ గదిలో పడుకునేవారు?" ఇంజనీరు తీరిగ్గా అడిగాడు.

రచయిత తిన్నగా వదిన కళ్ళలోకి చూశాడు. ఆమె చూపు తనకు తెలియకుండానే వెనకవైపు పోయింది.

"వెనక గదిలో" అన్నాడాయన.

"మరి పెరట్లో బావి పూడ్చేశారటగా. ఏ మూల ఉండేది సార్?"

ఆ పెరట్లో ఏనాడూ బావి లేదు. రచయిత మళ్ళీ ఆమె వైపే చూశాడు. వదిన తల రవ్వంత అడ్డంగా ఊపింది.

"బావెక్కడిదయ్యా! బావే ఉంటే మా అమ్మ నాచేత వీధి కుళాయి నీళ్ళెందుకు మోయిస్తుంది? చూడు, ఈ భుజం ఇప్పటికీ వంకరే!"

జనం గొల్లున నవ్వారు. ఇంజనీరు మొహం మాడిపోయింది. ఈ ఇంటి జోలికి ఇక ఎవరూ రారని ఛైర్మను అక్కడికక్కడే మాటిచ్చేశాడు. చప్పట్లు కొట్టుకుంటూ అందరూ కారు వైపు కదిలారు.

వదిన మంచినీళ్ళ గ్లాసు తెచ్చి, వెనకబడ్డ రచయితకిచ్చింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు తన్నుకొచ్చింది.

"బాబుగారూ, ఇది మీ ఇల్లు కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. భయంతో చచ్చి బతికాను. ఒంటరిదాన్నని జాలిపడి కాపాడారు. మీ అసలిల్లు ఏ వీధిలోనో చెప్పండి, బతికున్నన్నాళ్ళూ దాని వాకిలి ఊడుస్తాను."

ఆయన గ్లాసెత్తాడు. సగం నీళ్ళు చొక్కా మీదే ఒలికాయి. అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"ఈ ఊళ్ళో నేను కాలుపెట్టడం ఇదే మొదటిసారి తల్లీ."