చూరు కింద పలక

1958 ఫిబ్రవరి 9, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. రాత్రంతా కురిసిన మంచు ఆగి, సన్నటి వాన మొదలైంది.

పిల్లి దేవుడి గుడికి ఆ వేళ వచ్చినవాడు నేతగాడు యసబురో ఒక్కడే. ఆ లోయలో పట్టుపురుగులను ఎలుకల బారి నుంచి కాపాడేది పిల్లులే కనుక, గుడి వాటికి వెలిసింది. ఇంటి నుంచి వెళ్లిపోయినది తిరిగి రావాలని చెక్కపలక మీద రాసి చూరుకు కడతారు, వచ్చేదాకా విప్పరు.

యసబురో తన ఊళ్లో ఎవరినీ విచారించలేదు. విచారిస్తే, ఎందుకు వెళ్లిందో చెప్పవలసి వస్తుంది. అందువల్ల రెండు కొండలు దాటి ఇక్కడికి వచ్చాడు.

పలకలు అమ్మే ఇసోనో కుంపటి దగ్గర నుంచి కదలలేదు.

“పేరు?”

“కిను.”

“ఈ లోయలో సగం పిల్లుల పేరు అదేనయ్యా. గుర్తులు చెప్పు. లేకపోతే దేవుడు ఇంకొకరిదాన్ని తెచ్చి నీ గుమ్మంలో పడేస్తాడు.”

“తెల్లగా ఉంటుంది. ఎడమ చెవి వెనక కాలిన మచ్చ. పట్టుకాయలు ఉడికించే నీళ్లు పడ్డాయి.”

“పారిపోయిందా?”

యసబురో కుంచెను సిరాలో ముంచాడు. పైకి తీయలేదు.

“నేనే గెంటేశాను, అక్కా. మంచులో.”

“ఏం చేసిందని?”

“కడుపుతో ఉంది.”

ఇసోనో అతడి వంక తేరిపార చూసింది.

“అంతేనా? ఓ మూల పాత దుప్పటి పరిస్తే సరిపోయేదానికి. మనిషివేనా నువ్వు?”

అతడి చెవులు ఎర్రబడ్డాయి. పలక మీద వయసు రాయవలసిన చోటు ఖాళీగా వదిలాడు. చివర ‘తప్పు నాది, ఇంటికి రా’ అని రాశాడు. రాసిన వైపు గోడకు తిప్పి కట్టబోతుంటే ఇసోనో అదిలించింది.

“దాస్తే ఎలా? నలుగురూ చూస్తేనే కదా, కనబడితే చెప్పేది.”

పలకను ఇటు తిప్పాడు. అతడి పేరు, ఊరి పేరు దారిన పోయేవారికి కూడా కనబడుతున్నాయి. తరువాత రాతి పిల్లి ముందు పొట్లం విప్పాడు.

“ఎండుచేప పెట్టాలయ్యా. బియ్యప్పిండి తీపి ఉండలేంటి?”

“దానికి అవే ఇష్టం.”

“అంత గారాబం చేసి మరీ గెంటావన్నమాట.”

యసబురో నుదురు తడిరాతికి ఆనేదాకా వంగాడు. ఆమె లోపలికి వెళ్లిపోయేదాకా తల ఎత్తలేదు.

పదకొండేళ్ల తరువాత, మే నెలలో ఒక మధ్యాహ్నం, కిను తన పదేళ్ల కూతురి చేయి పట్టుకొని మెట్లెక్కి వచ్చి, తన తండ్రి రాసి కట్టిన ఆ పలకను చదివింది.