ఏడో హోల్ దిబ్బ

"ఈ దిబ్బ మా నాన్న చేతి పనే సార్. నక్షాలో చూడండి, అక్కడంతా చదునే."

బుల్‌డోజర్ డ్రైవర్ కూతురు పాత నక్షాను బల్ల మీద పరిచి ఏడో హోల్ దగ్గర వేలు పెట్టింది. గోల్ఫ్ క్లబ్ సెక్రటరీ తల వంచి చూశాడు. పక్కనున్న నెరిసిన మీసాలాయన నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. క్లబ్ చరిత్ర రాసేవాడు కాబోలు అనుకుందామె.

క్లబ్బుకు పాతికేళ్లు నిండుతున్నాయి. గేటు దగ్గర పెట్టే రాతిపలక మీద గోల్ఫ్ కోర్సు రూపకర్తగా ఎవరి పేరు చెక్కాలన్నది తేలలేదు. మంచం పట్టిన తండ్రి ఆ పలకను కళ్లారా చూడాలని ఆమె మూడు నెలలుగా ఉత్తరాలు రాస్తూనే ఉంది. ఇవాళ రమ్మని ఫోన్ వచ్చింది.

కిటికీలోంచి ఏడో హోల్ కనిపిస్తోంది. చుట్టూ పరదాలు కట్టారు. పైపుల మరమ్మతని గేటు దగ్గర చెప్పారు.

"కోర్సు డిజైనరే చెప్పి చేయించాడేమో?" అన్నాడు మీసాలాయన.

"ఇక్కడో దిబ్బ ఉంటే బాగుంటుందని నాన్న అంటే ఆయన ససేమిరా అన్నాడు సార్. మట్టి తోసేవాడివి, నీకేం తెలుసని నాన్నను అందరి ముందూ కడిగేశాడు. నాన్న రెండ్రోజులు అన్నం ముట్టలేదు. తర్వాత ఆయనే చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడుగా."

"ప్రారంభానికి కూడా రాలేదు," అన్నాడు సెక్రటరీ. "ఇంకా పెద్ద కోర్సేదో దొరికుంటుంది, మనమెందుకు గుర్తుంటాం అనుకున్నాం."

"మరి ఇంకెవరైనా చెయ్యి వేశారా?" మీసాలాయన అడిగాడు.

ఆమె సంచిలోంచి బండి లాగ్‌బుక్ తీసింది. అంచులు నలిగిపోయాయి.

"ఆయన వెళ్లిపోయింది శనివారం. ఇది మర్నాడు, ఆదివారం. సైటుకు సెలవు. ఏడో హోల్, తొమ్మిది గంటల పని. సంతకం నాన్నది ఒక్కటే. అంతా ఒంటిచేత్తో చేశాడు సార్."

"మీ నాన్నగారేమంటారు?"

"నా పేరొద్దు, ఆ దిబ్బ ఊసే ఎత్తొద్దంటాడు. చేసింది చెప్పుకోవడం చేతకాని మనిషి."

మీసాలాయన కాగితం ముందుకు జరిపాడు. "మీరు చెప్పిందంతా రాశాను. చదువుకుని సంతకం పెట్టండి."

ఆమె ప్రతి ముక్కా చదివి సంతకం చేసింది. కళ్లు తుడుచుకుంది.

"అయితే నాన్న పేరే కదా సార్?"

సెక్రటరీ కిటికీ వైపు తిరిగిపోయాడు.

"ఆయన పేరేనమ్మా," అంటూ మీసాలాయన పెన్ను మూత పెట్టాడు. "మొన్న ఆ దిబ్బ కింద డిజైనర్ దొరికాడు."