మాస్టారి సంతకం

“నేను సంతకం పెట్టను మేడమ్. పెట్టను గాక పెట్టను!” షార్ట్‌హ్యాండ్ మాస్టారు కాగితాన్ని బల్ల మీద అవతలికి తోసేశారు.

బడి తనిఖీకి వచ్చిన అధికారిణి కోప్పడలేదు. గ్లాసులో నీళ్లు ఓ గుక్క తాగి నిదానంగా అడిగింది.

“మీ క్లాసులో ఎంతమంది?”

“ముగ్గురు.”

“నిన్న వచ్చింది?”

“ఒక్కరు,” అన్నారు మాస్టారు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు.

“చూశారా! మనం మాట్లాడుతుంటే ఫోనే టైపు చేసి పెడుతోంది. ఇంకా ఈ గీతలు పిల్లలకెందుకు? మీరు ఒప్పుకుంటే ఈ ఏడాదితో గౌరవంగా మూసేద్దాం. లేదంటే ఫైలు కమిటీకి వెళ్తుంది. ఎప్పటికి తేలుతుందో నాకే తెలీదు.”

“తేలకపోతే మరీ మంచిది.”

ఆ గదిలో, ఆ గీతలతోనే మాస్టారి జుట్టు నెరిసింది. క్లాసు పోయాక తను ఉన్నా లేనట్టేనని ఆయన దిగులు. ఆ దిగులు కాస్తా కోపమై బయటికొచ్చింది.

“మాట ఉన్నంతవరకే మేడమ్ ఫోను వినేది. నోరు పెగలని మనిషి గోడు ఏ ఫోను వింటుంది? అప్పుడు మిగిలేది చెయ్యొక్కటే కదా!”

వాదనలో పైచేయి కోసం అన్న మాట అది. కానీ ఆమె ముఖం పాలిపోయింది. బోర్డు మీది గీతల వైపు చాలాసేపు చూసి, హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న నోట్‌బుక్ తీసింది.

“మా అమ్మ ఒకప్పుడు కోర్టులో స్టెనో. పోయిన నెల చనిపోయింది. గొంతులో గొట్టం వేశారు, మాట లేదు. చివరి మూడు రోజులూ ఇందులో ఏదో గీసి నాకు చూపించేది. చెయ్యి వణుకుతోంది కదా, పిచ్చిగీతలనుకున్నాను. ‘ఊరికే అలిసిపోకమ్మా’ అని పెన్ను లాగేసుకున్నాను కూడా. ఇందాక మీ బోర్డు చూశాక అనుమానమొచ్చింది. ఇవి అవేనా మాస్టారూ?”

మాస్టారు కళ్లజోడు సవరించుకున్నారు. ఒక పేజీ తిప్పారు, ఇంకోటి తిప్పారు. మొత్తం తొమ్మిది. చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చారు. బల్ల మీది గ్లాసు వైపు చూసి, చూపు తిప్పుకున్నారు.

“అవే,” అన్నారు.

“ఏం రాసింది?”

ఆయన మొదటి పేజీ మీద వేలు పెట్టి మెల్లగా చదివారు. “అమ్మడూ, నువ్వు పక్కనే కూర్చున్నావు, నాకదే చాలు. నొప్పేమీ లేదు. నువ్వు వేళకింత తిను...”

“అమ్మడూ అని రాసిందా? నన్నలాగే పిలిచేది!” ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. అధికారం, హోదా అన్నీ మరిచిపోయి చిన్నపిల్లలా ఏడ్చింది.

“మిగతా పేజీల్లోనూ ఇలాంటివే తల్లీ. చల్లగా ఉండమని.”

ఆమె కళ్లు తుడుచుకుని, బల్ల మీది కాగితం అందుకుంది. “మీరే గెలిచారు మాస్టారూ. ఇది చింపేస్తాను. క్లాసు ఉంటుంది. రేపట్నుంచి నేనూ వస్తాను, నేర్పండి. అమ్మ మాటలు నా అంతట నేను చదువుకోవాలి.”

మాస్టారు గబుక్కున లేచి ఆ కాగితం ఆమె చేతిలోంచి లాక్కున్నారు. నిలబడే సంతకం పెట్టేశారు.

“మూసేయండి మేడమ్. కాలం చెల్లిన విద్య ఇది.”

ఆమె తెల్లబోయింది. “అదేంటి? పోనీ, ఇంకెవరైనా నేర్పేవాళ్లున్నారా?”

“లేరు. ఈ చుట్టుపక్కల నేనే ఆఖరివాణ్ణి.”

ఆమె నోట్‌బుక్‌ను గుండెలకు హత్తుకుని వెళ్లిపోయింది. మాస్టారు డస్టర్ తీసుకుని, బోర్డు మీద ఒక్క గీత కూడా మిగలకుండా తుడిచేశారు.

తొమ్మిది పేజీల్లోనూ ఉన్నది ఒక్క ముక్కే: “అమ్మడూ, దాహం.”