నడుమెత్తు తాటిచెట్టు

ఎండలకు మామిళ్లు మాడిపోయాక ఊళ్లో ప్రతి డాబా మీదా కుండీల్లో పెంచే కొత్తరకం పొట్టి తాటిచెట్లే మిగిలాయి. అవి నడుమెత్తు దాటవు, రెండేళ్లకే కాస్తాయి. ఒకప్పుడు తాటిచెట్టు మీంచి పడి కాళ్లు పోగొట్టుకున్న తిరుమలేశ్ గౌడ్ చక్రాల కుర్చీలో కుండీ దగ్గరికొచ్చాడు. చెట్టెక్కేటప్పుడు వాడిన పాత మోకును నడుముకూ చెట్టుకూ కలిపి బిగించాడు.

"కూసొని కోసేటానికి మోకెందుకయ్యా?" అంది భార్య లావణ్య.

"మోకు లేకుండ చెట్టును ఎన్నడన్న ముట్టుకున్ననా?"

కత్తితో ఒక్క వేటు వేయగానే గెల ఒళ్లో పడింది.

అతను చెట్లెక్కినన్నాళ్లూ కింద కళ్లు మూసుకునే నిలబడేది లావణ్య.

"చూసినవా?" అన్నాడు.

"కండ్లార చూసిన," అంటూ తొలి ముంజ అతని నోట్లో పెట్టింది.